దగ్గు మందూ ఎనిమిది గంటల సీసా

నా పేరు యాదమ్మ. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రజిత రాస్తున్నది. నా మాట మోటుగా ఉంటే తాను సరిచేస్తానన్నది. సరిచేసుకో గానీ సంగతి మార్చకు అన్నాను.

మందుల పరీక్షలు చేసే చోట పనికి చేరబోయే ఆడపిల్లలు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ మన్సూరాబాద్ వస్తున్నారు. ఏం పని ఉంటుంది, భయమా, కంపా అని అడుగుతారు. ఆ పనిలో పంతొమ్మిదేళ్లు ఉన్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు సన్మానం చేశారు అన్నవి చెప్పను. నేను చేసిన రెండు తప్పులు చెబుతాను. రెండూ ఒకే పిల్ల మీద చేశాను.

పని ఏమిటంటే

దిల్‌సుఖ్‌నగర్ దాటి కొత్తపేట వైపు వచ్చే దారిలో మా దవాఖాన ఉండేది. కింద రెండు అంతస్తులు రోగులకు. మూడో అంతస్తులో పరీక్షల కేంద్రం. అక్కడికి వచ్చేవాళ్లకు రోగం ఉండదు. సంతకం పెట్టి, తమ ఇష్టంతో ఒక మందు మింగుతారు. ఆ మందు ఒంట్లోకి పోయి ఏమవుతుందో రక్తంలో, మూత్రంలో చూస్తారు.

నా పని మూడు ముక్కలు. మందు మింగారా లేదా అని నోరు తెరిపించి, నాలుక కింద కూడా చూడాలి. ఆ తర్వాత ఎనిమిది గంటల పాటు వాళ్లు పోసిన ప్రతి చుక్కా వాళ్ల పేరున్న పెద్ద సీసాలోకే పోయేలా చూడాలి. సీసాను చల్లటి పెట్టెలో పెట్టి ప్రయోగశాలకు అప్పజెప్పాలి. చదువు రాదు కాబట్టి ఒక్కొక్కరి సీసా మెడకు ఒక్కో రంగు దారం కట్టేదాన్ని. ఒక్కరోజు కూడా దారం తప్పలేదు. ఆ గర్వమే నన్ను ముంచింది.

మొదట్లో మాకు ఒక ఇన్‌చార్జి ఉండేవాడు. ఆయనకు నిండు సీసా కనబడితే నేను మంచిదాన్ని. సీసా సగమే ఉంటే, "ఏం కాపలా కాసినవ్? బాత్‌రూంల పారబోసుకుండ్రు!" అని అందరి ముందు అరిచేవాడు. కొందరు తక్కువ పోస్తారు, అది వాళ్ల ఒంటి తీరు అని ఆయన ఒక్కసారి చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పిల్లలారా, మీ పై ఆఫీసరు దేన్ని మెచ్చుకుంటాడో దాన్ని మీ చెయ్యి తనకు తెలియకుండానే తయారుచేస్తుంది. అది నా అనుభవం.

ఆయన పోయాక రత్నం డాక్టరు వచ్చారు. గుంటూరు మనిషి. ఆయన మాట వేరు, మా మాట వేరు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేసి, అక్కడే కూర్చుని తిని, గొంతు పగిలేలా నినాదాలిచ్చి, మధ్యాహ్నం డ్యూటీకి ఎక్కేదాన్ని.

"గొంతు ఏమైంది యాదమ్మా? చౌరస్తాలో వదిలేసి వచ్చావా?" అనేవారు డాక్టరు.

"ఆడ్నే ఉన్నది సార్. రాష్ట్రం ఒచ్చినంక పోయి తెచ్చుకుంట."

"మరి నన్ను ఉండనిస్తారా?"

"మీరు పోతె మా సీసాలు ఎవలు చూస్తరు? ఉండుండ్రి."

ఆయన నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఏనాడూ మాట బిగుసుకోలేదు.

నా మొదటి తప్పు

కింద వార్డులో మరియమ్మ అని ఒక నర్సు. ఇరవై ఆరేళ్లు ఉంటాయి. నల్లగొండ దిక్కు పిల్ల, క్రైస్తవులు. సరూర్‌నగర్‌లో కిరాయికి ఉండి తల్లినీ తమ్ముణ్ణీ సాకేది. సూది గుచ్చితే పసిపిల్లలు కూడా ఏడ్చేవాళ్లు కాదు. అంత తేలిక చెయ్యి.

ఒక ఆదివారం ఆ పిల్ల కూడా మాతో చౌరస్తాకు వచ్చింది. పొగ, దుమ్ము, అరుపులు. మర్నాటికి వార్డులో సగం మందికి దగ్గు. అందరం వార్డులో ఉన్న ఒకే దగ్గు మందు తాగాం. మూతెడు పొద్దున, మూతెడు మధ్యాహ్నం, మూతెడు రాత్రి. నాకేమీ కాలేదు, గొంతు కాస్త తడిసింది. మరియమ్మ కూడా సీసా మీద రాసినంతే తాగింది, ఎక్కువ తాగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె ఒక ముసలాయనకు సెలైన్ మారుస్తూ తూలింది. స్టాండు పట్టుకుని నిలబడింది. కళ్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. పేరు పిలిస్తే ఎక్కడో దూరం నుంచి వింటున్నట్టు చూసి, కారణం లేకుండా నవ్వింది. మాట ముద్దముద్దగా వచ్చింది. ముసలాయన కూతురు గొల్లుమంది. "ఏందమ్మా ఇది? నర్సు గిట్లున్నదేంది?"

అప్పుడే నేను మెట్లు దిగుతున్నాను. చూసిన చూపులోనే నోరు జారాను. "తాగింది."

ఎందుకంత ధీమా అంటారా? తాగేవాడితో పదహారేళ్లు సంసారం చేశాను. లివర్ చెడి పోయాడు నా మొగుడు. తూలే కాలు, మెరిసే కన్ను నాకు తెలిసినంత డాక్టరుకు కూడా తెలియదనుకునేదాన్ని. నోటి దగ్గర వాసన కూడా చూశాను. వాసన రాలేదు. అయినా ఏమన్నానో తెలుసా? "వాసన రాని రకం తాగినట్టున్నది." తెలిసినదాని మీద అంత మొండితనం.

మేనేజరు వచ్చాడు. "యాదమ్మ చెప్తున్నది గదా, ఆమెకు ఎరుకే," అన్నాడు. రాత్రికల్లా కాగితం తయారైంది. డ్యూటీలో మత్తు పానీయం సేవించింది కాబట్టి నర్సును పనిలోంచి ఆపాం, నెలాఖరులోగా జవాబు ఇవ్వకపోతే తీసేస్తాం అని. అటువంటి మాట మీద తీసేసిన నర్సును ఈ చుట్టుపక్కల ఏ దవాఖానా తలుపు తెరిచి రానివ్వదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఆ స్థితిలో ఆమెను వార్డులోంచి పంపడం తప్పు కాదు. ఎందుకు అట్లా ఉందో అడగకుండా కారణం రాసేయడం తప్పు. ఆ కారణం నా నోట్లోంచి వచ్చింది.

గిర్నీ

నాలుగు రోజులకు మరియమ్మ మామూలు మనిషై నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. మూడో అంతస్తు మెట్ల మీద నిలబడి అడిగింది.

"యాదమ్మక్కా, నువ్వు చూసినవా నేను తాగంగ?"

"చూడలే బిడ్డా."

"మరెట్ల చెప్పినవ్?"

లోపల కూర్చున్న రత్నం డాక్టరు ఆ మాటలు విన్నారు. ఆమెను పిలిచి ఏం తిన్నది, ఏం తాగింది, ఏ మందు వేసుకున్నది అని గంటసేపు అడిగారు. దగ్గు మందు పేరు వినగానే ఆయన కుర్చీలో ముందుకు వంగారు.

"చిన్నప్పుడు కూడా ఇలాగే అయిందా?"

"అయింది సార్. దగ్గు మందు తాగిస్తే రెండు రోజులు లెవ్వకపోయేదాన్నట. మా అమ్మ అందుకే అల్లం రసమే పోసేది."

ఆయన లేచి నిలబడ్డారు. "యాదమ్మా, ఇది మత్తు కాకపోవచ్చు. ఈ పిల్ల కాలేయం సంగతి కావచ్చు!"

ఆయన చెప్పింది నాకు అర్థమైన తీరులో చెబుతాను. గింజలు పిండి పట్టించే గిర్నీ ఉంటుంది కదా, మన కాలేయంలో ఈ దగ్గు మందును పట్టే గిర్నీ ఒకటి ఉంటుంది. మందు అందులో పడితే మారిపోయి బయటికి పోతుంది. చాలా మందికి ఆ గిర్నీ బాగానే ఆడుతుంది. కొందరికి మరీ జోరుగా ఆడుతుంది, వాళ్లకు వేరే మందుల దగ్గర గండం. కొద్దిమందికి పుట్టుకతోనే దాదాపు ఆగిపోయి ఉంటుంది. తల్లి ఇచ్చిన జన్యువూ, తండ్రి ఇచ్చినదీ రెండూ పని చెయ్యకపోతే అట్లా అవుతుంది. వాళ్లకు పొద్దుటి మూత లోపలే ఉండగా మధ్యాహ్నం మూత పడుతుంది, దాని మీద రాత్రిది. మూడు రోజులకు గింజలు గుట్ట పడతాయి. అందరూ తాగినంతే తాగినా తల తిరుగుతుంది.

"ఎట్ల తెలుస్తది సార్?"

"నీ సీసాతోనే. ఒంట్లో ఉన్న పాత మందు పూర్తిగా పోనిద్దాం. తర్వాత కొలిచి ఒక్క మోతాదు ఇద్దాం. ఎనిమిది గంటల మూత్రంలో మారని మందు ఎంత, మారిన మందు ఎంత అని చూద్దాం. రెండింటి పాళ్లలోనే ఉంది అంతా."

ఇన్నేళ్లూ నేను మోసిన సీసాలు ఒక మనిషి మీద పడ్డ మచ్చ తుడవగలవా!

నా రెండో తప్పు

పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దున ఎనిమిదింటికి మరియమ్మ మందు మింగింది. నాలుక కింద చూశాను. ఎర్ర దారం కట్టిన సీసా ఇచ్చాను. నీళ్లు బాగా తాగమన్నారు డాక్టరు.

ఆమె తాగలేదు. ఎందుకో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ అంతస్తులో ఒకటే బాత్‌రూం. ఆ రోజు ఇంకో పరీక్షకు వచ్చిన మగపిల్లలు ఎనమండుగురు దాని ముందే కూర్చుని పేకాట. సీసా చేత పట్టుకుని వాళ్ల మధ్య నుంచి పోవాలి. నర్సులకు ముందే ఒక అలవాటు ఉంటుంది. డ్యూటీలో పోయే వీలుండదని నీళ్లే తాగరు. సాయంత్రం నాలుగింటికి సీసా అడుగున నాలుగు వేళ్లంత కూడా లేదు.

"గింతే ఒచ్చిందక్కా. సరిపోతదా?" అంది.

పాత ఇన్‌చార్జి అరుపులు నా చెవుల్లో మోగాయి. తక్కువైతే పరీక్ష చెల్లదంటారేమో, ఈ పిల్ల కొంప మునుగుతుందేమో! "సరిపోతది పో బిడ్డా, నేను చూసుకుంట," అని పంపేశాను. బాత్‌రూంలోకి పోయి నాదే కలిపి సీసా నింపాను. నా చేతులతో. మంచి పని చేశాననుకున్నాను కూడా.

నాలుగు రోజులకు లెక్క వచ్చింది. రత్నం డాక్టరు మొహం వాడిపోయింది.

"అందరిలాగే ఉంది యాదమ్మా. మందు మారిపోయింది. గిర్నీ బాగానే ఆడుతోంది."

"అంటే?"

"అంటే దగ్గు మందు కారణం కాదనే చెప్పాల్సి వస్తుంది. మేనేజరుకి ఏ సాక్ష్యం చూపించను?"

తలుపు దగ్గరికి వేశాను. తర్వాత అడిగాను.

"సార్, ఇంకో మనిషిది జర కలిస్తె?"

"ఆ మనిషి ఆ మందు తాగకపోతే పాళ్లు పెద్దగా మారవు."

"తాగిన మనిషిదైతె?"

ఆయన పెన్ను బల్ల మీద పెట్టారు. నన్నే చూశారు. పరీక్షకు ముందు సాయంత్రం చౌరస్తాలో అరిచి వచ్చి, పరీక్ష రోజు పొద్దున అదే దగ్గు మందు ఒక మూత, మధ్యాహ్నం ఒక మూత నేను తాగాను. ఆ సీసాలో మాట్లాడింది నా గిర్నీ.

"ఎంత పని చేశావమ్మా!" ఆయన గొంతు అంత పెద్దగా ఎన్నడూ వినలేదు.

"నన్ను తీసెయ్యుండ్రి సార్. ఆ పిల్లను గాదు."

సంతకం

మళ్లీ పరీక్ష చెయ్యాలంటే మందు ఒంట్లోంచి పోయేదాకా ఇంకో రెండు వారాలు ఆగాలి. నెలాఖరు ఆరు రోజుల్లో ఉంది. డాక్టరు పోయి గడువు అడిగితే మేనేజరు పడీపడీ నవ్వాడు.

"పరీక్ష తప్పింది, మళ్ల చేస్తం అంటరు. అది తప్పితె ఇంకోటి అంటరు. ఎవల తప్పో రాతల ఇయ్యుండ్రి, అప్పుడు ఆపుత."

ఎవరి తప్పు అని రాతలో ఇస్తే నా పని పోయినట్టే. మొగుడు లేడు, కొడుకు అప్పటికి ఇంటర్ చదువుతున్నాడు. ఆ రాత్రి చాలా లెక్కలు వేసుకున్నాను అని చెప్పను. నిజానికి వేసుకోలేదు. మరియమ్మకు ఎట్లా చెప్పాలన్నదే నా పరేషాన్.

మర్నాడు సరూర్‌నగర్‌లో వాళ్ల గదికి పోయి, గడపలో నిలబడే మొత్తం కక్కేశాను. తల్లి బియ్యం ఏరుతూ ఆగిపోయింది. మరియమ్మ అన్నది:

"మొదలు నీ నోటితోని ముంచినవ్. మళ్ల నీ ఉచ్చతోని ముంచినవ్. ఇంకేమన్న మిగిలిందా అక్కా?"

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తున్నదనుకున్నాను. నవ్వుతున్నది! తర్వాత మరియమ్మ, ఆ తర్వాత నేను. ముగ్గురం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. నవ్వు ఆగాక ఆమె ఒక్క మాట అంది. "సంతకం పెడుతవా?"

"పెడుత."

రత్నం డాక్టరు రాశారు, నేను చెప్పాను. ఎనిమిది గంటల సీసాలో నా మూత్రం నేనే కలిపాను, ఎవరూ కలపమనలేదు, నేను అదే మందు తాగి ఉన్నాను. కింద యాదమ్మ అని పెట్టాను. మేనేజరు చదివి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "రేపట్నించి పైకి ఎక్కకు. కింద నేల తుడువు," అన్నాడు. గడువు మాత్రం ఇచ్చాడు.

మళ్లీ పైకి పిలిచేదాకా నాలుగు నెలలు నేల తుడిచాను. దాన్ని అన్యాయం అనను. సీసా కాడ అబద్ధం ఆడినదాన్ని సీసాల దగ్గర ఉంచకూడదు.

రెండోసారి

రెండో పరీక్ష రోజు బంద్. బస్సులు లేవు, ఆటోలు లేవు. మరియమ్మ సరూర్‌నగర్ నుంచి నడిచి వచ్చింది. నేను మన్సూరాబాద్ నుంచి నడిచి వచ్చాను. పైకి ఎక్కకూడదు కదా, అందుకని మెట్ల దగ్గర చీపురు పట్టుకుని కూర్చున్నాను. పైన బాత్‌రూం దగ్గర మగవాళ్లు ఎవరూ ఉండకుండా వాళ్లను డాక్టరే కింది అంతస్తుకు పంపారు. వాళ్లలో ఒకడు గొణుగుతూ దిగాడు.

"ఆమె ఒక్కదాని కోసం అందరం దిగాల్నా?"

"దిగుతె కాళ్లరుగుతయా? నడువు!" అన్నాను. చీపురు ఉండనే ఉంది చేతిలో.

ఈసారి సీసాల దగ్గర కొత్తగా వచ్చిన సుజాత ఉంది. గంటగంటకూ మెట్ల పైనుంచి తొంగి చూసి చెప్పేది. నీళ్లు తాగింది. పోసింది. మళ్లీ తాగింది. మూడో గంటకు, "తల బరువైతున్నదట అక్కా, డాక్టరు నాడి చూస్తుండు," అంది. నాకు భయమూ ఆశా రెండూ ఒక్కసారే పుట్టాయి. బయట రోడ్డు మీద డప్పులు, నినాదాలు. ఎప్పుడూ నేనూ అరిచేదాన్ని. ఆ రోజు సుజాత మాట కోసమే చెవి పెట్టి కూర్చున్నాను. నాలుగు గంటలకు సుజాత రెండు చేతులతో ఎర్ర దారం సీసా పట్టుకుని చల్లటి పెట్టె వైపు పోతుంటే, ఎంత ఉందో కూడా నేను చూడలేదు. ఎంతుంటే అంత.

మూడో రోజు వరండా తుడుస్తున్నాను. మెట్ల మీద ధబధబా చప్పుడు. రత్నం డాక్టరు! నలభై దాటిన మనిషి, పరీక్షల కోటు ఎగురుతుంటే రెండేసి మెట్లు దూకుతూ వస్తున్నారు. తడి నేల మీద జారబోతే నేనే చెయ్యి పట్టుకున్నాను.

"యాదమ్మా! మందు మందులాగే వచ్చేసింది! మారనే లేదు! ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు!"

"అంటె తాగలే?"

"తాగింది దగ్గు మందే! సీసా మీద రాసినంతే!"

నేను చీపురు పారేసి కేక వేశాను. ఏమని వేశానో గుర్తు లేదు. వార్డులో రోగులు లేచి కూర్చున్నారు. రాష్ట్రం వచ్చిన రోజు కూడా అరిచాను గానీ, అంత లోపలి నుంచి అరుపు రాలేదు. రజితా, ఇది రాయి, తీసెయ్యకు.

ఏమని రాయాలి

మేనేజరు గదిలో మరియమ్మ, డాక్టరు, తలుపు బయట నేను. మేనేజరు చెడ్డవాడు కాదు. తాను చేసింది తప్పని ఒప్పుకోవడమే ఆయనకు కష్టం.

"సరే అమ్మా, రేపు డ్యూటీల చేరు. పాత కాగితం కింద 'అనారోగ్యం వల్ల' అని రాస్త. అయిపాయె."

"అట్ల ఒద్దు సార్," అంది మరియమ్మ.

"డ్యూటీ ఇస్తున్న గదా! ఇంకేం గావాలె?"

"తాగిందని రాసిండ్రు. తాగలేదని రాయుండ్రి. ఎందుకు తూలిందో గూడ రాయుండ్రి. అనారోగ్యం అంటె రేపు ఇంకోళ్లు చదివి, ఓహో, తాగి జబ్బు పడ్డదేమో అంటరు."

మేనేజరు డాక్టరు వైపు చూశాడు. డాక్టరు కిటికీ వైపు చూశారు. ఆయన సాయం చెయ్యలేదు. అది ఆమె గెలవాల్సిన మాట అని ఆయనకు తెలుసు. చివరికి మేనేజరు రాశాడు. ఆమె చదువుకుంది, ఒక పదం మార్పించింది, మళ్లీ చదువుకుంది. బయటికి వచ్చి నాకు పెద్దగా చదివి వినిపించింది. ఈ నర్సు మత్తు పానీయం తాగలేదు. సూచించిన మోతాదులోనే తాగిన దగ్గు మందు, పుట్టుకతో వచ్చిన కారణంగా ఆమె ఒంట్లో మారకుండా నిలిచిపోయింది. వరండాలో ఉన్న ఆయాలు, వార్డుబాయ్‌లు అందరూ విన్నారు.

"నేను కూడ చెప్త," అన్నాను నేను. గొంతు సవరించుకున్నాను. "ఈ పిల్ల తాగలేదు. తాగిందన్నది నేనే. చూడకుండ అన్న."

మరియమ్మ నా వైపు చూసి తల ఊపింది. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. నేరుగా వార్డులోకి పోయింది.

కిటికీ పక్క మంచం మీద ఒకావిడ ఆగకుండా దగ్గుతున్నది. "సిస్టరమ్మా, జర దగ్గు మందు పొయ్యరాదు, పానం పోతున్నది," అంది.

మరియమ్మ అలమారా వైపు పోలేదు. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"పోస్త అమ్మా. మొదలు చెప్పు, ఎన్నడన్న దగ్గు మందు తాగితె నీకెట్లయింది?"